మామయ్యగారి ఫోన్లో అందరూ ఒకటే మాట చెబుతున్నారు

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా మామయ్యగారు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తాగా చేసి రిటైరయ్యారు. పదేళ్లుగా షుగర్ ఉంది. ఈమధ్య పొద్దస్తమానం యూట్యూబే. షుగర్ మాత్రలు విషమని, ఏదో పొడి నలభై రోజులు తాగితే జన్మలో మళ్లీ షుగర్ రాదని వీడియోలు చూసి రెండు వారాలుగా మాత్రలు మానేశారు. రెండు వేలు పెట్టి ఆ పొడి డబ్బా కూడా తెప్పించారు. ఇదేంటి మామయ్యా అంటే "ఒకడు చెబితే అబద్ధం అనుకోవచ్చు, ఇంతమంది డాక్టర్లు చెబుతుంటే అబద్ధమెలా అవుతుందమ్మా?" అంటారు. మావారు హైదరాబాదులో ఉద్యోగం చేస్తారు, నెలకోసారి వస్తారు. కోడలిని, నేను గట్టిగా మాట్లాడితే అత్తయ్యగారికి కోపం. ఆవిడ మోకాళ్లు నొప్పులని నాతో అన్న మర్నాడే ఆవిడ ఫోన్లో మోకాలి బెల్టు ప్రకటన వచ్చింది. ఫోన్లు మన మాటలు వింటున్నాయా? ఆయన ఫోన్లోంచి యూట్యూబ్ తీసేయమంటారా? మనిషి మరీ మొండిగా తయారయ్యారు. ఏం చేయాలో తోచక టెన్షన్‌గా ఉంది.
– పేరు రాయవద్దన్న పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందు మాత్రల సంగతి చూడండి, ఫోను సంగతి తర్వాత. రెండు వారాలుగా మందు లేదంటే ఇక ఆలస్యం చేయకూడదు. రేపు పొద్దున్నే పరగడుపున ఒకసారి, టిఫిన్ తిన్న రెండు గంటలకు ఒకసారి షుగర్ చూపించి, ఆ రిపోర్టుతో ఆయన ఎప్పుడూ వెళ్లే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రానికి లేవడం, మగత, వాంతులు – వీటిలో ఏదున్నా రేపటిదాకా కూడా ఆగొద్దు. హెచ్‌బీఏ1సీ అనే రక్త పరీక్ష మూడు నెలల షుగర్ సగటు చెబుతుంది కాబట్టి రెండు వారాల తేడా అందులో పూర్తిగా బయటపడదు. అది బాగుందని నిశ్చింతగా ఉండిపోకండి. మాత్రలు మళ్లీ ఎంత డోసుతో మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి.

ఆ పొడి డబ్బా కూడా వెంట పట్టుకెళ్లండి. మూలికలతో చేసినదని చెప్పి అమ్మిన షుగర్ మందుల్లో, డబ్బా మీద రాయకుండా మామూలు షుగర్ మాత్రల మందే కలిపిన సందర్భాలు అమెరికాలో మందులను నియంత్రించే ఎఫ్‌డీఏ సంస్థ తనిఖీల్లో బయటపడ్డాయి. అలాంటిది తాగితే షుగర్ తగ్గుతుంది, మనిషికి నమ్మకం పెరుగుతుంది, ఎంత డోసు లోపలికి వెళుతోందో ఎవరికీ తెలియదు. మీ ఇంట్లో ఉన్న డబ్బాలో ఏముందో నేను చెప్పలేను. డాక్టరు చూడాలి. చూసేదాకా అది ఆయన నోట్లోకి వెళ్లకూడదు.

బయలుదేరేటప్పుడు వీడియోల గొడవ ఎత్తకండి. "చాన్నాళ్లయింది, ఓసారి చూపిద్దాం నాన్నా" అని మీవారు ఫోన్ చేసి అంటే సరిపోతుంది. ఇది కోడలి మీద పడాల్సిన బరువు కాదు, కొడుకు ఎత్తుకోవలసినది.

ఇక మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్న మాట మామయ్యగారిది. మీరు దాన్ని మొండితనం అన్నారు. నాకలా అనిపించలేదు. ఇంతమంది చెబుతుంటే అబద్ధమెలా అవుతుందన్నది బుర్ర ఉన్న మనిషి అడిగే ప్రశ్నే. మనందరం రోజూ బతికేది ఆ లెక్క మీదే. నలుగురు మంచి డాక్టరని చెబితే అక్కడికే వెళతాం, నలుగురు బాగాలేదన్న హోటల్లో కాలు పెట్టం. అయితే ఆ నలుగురూ ఎవరికి వాళ్లు విడివిడిగా, మనకు వాళ్లంతట వాళ్లు తారసపడితేనే ఆ లెక్క నిలుస్తుంది. మీ మామయ్యగారి ఫోన్లో కనిపించే ఇంతమందీ ఆయనకు తారసపడినవాళ్లు కారు. వాళ్లను ఏరి తెచ్చి ఆయన ముందు కూర్చోబెట్టారు. ఏరింది ఒక కంప్యూటర్ లెక్క, ఆ లెక్కకు సరుకు అందించింది ఆయన వేలు. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. నిజానికి మనలో చాలామందికి ఎవరూ చెప్పలేదు.

అది ఎలా జరుగుతుందో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ ఇంట్లో నలుగుతున్నదంతా ఇక్కడే ఉంది. 2012 దాకా యూట్యూబ్ ముఖ్యంగా చూసుకున్నది ఒక వీడియోను ఎంతమంది నొక్కారన్నది. దాంతో పైన బొమ్మ ఒకటి, లోపల సరుకు ఇంకొకటి పెట్టి నొక్కించుకునేవాళ్లు పెరిగారు. ఆ ఏడాది లెక్క మార్చి, ఎంతసేపు చూశారన్నదానికి బరువు పెంచారు. 2016లో ఆ కంపెనీ ఇంజినీర్లే తమ పద్ధతిని వివరిస్తూ ఒక పరిశోధన పత్రం రాశారు. అందులో పని రెండు అంచెల్లో జరుగుతుంది. మొదటి అంచెలో లక్షలాది వీడియోల్లోంచి, ఇంతకుముందు మీరు చూసినవాటిని బట్టి కొన్ని వందలు పక్కకు తీస్తారు. రెండో అంచెలో ఆ వందల్లో ఒక్కొక్కదాన్ని ఈ మనిషి ఎంతసేపు చూసే అవకాశం ఉందో అంచనా కట్టి, వరసలో పేరుస్తారు. ఆ తర్వాత చూసినవాళ్లు తృప్తి పడ్డారా అన్న సర్వేల వంటివి చేరాయి. వైద్యం విషయంలో ప్రమాదకరమైన తప్పులు చెప్పే వీడియోలను తీసేసే నియమాలూ ఉన్నాయి. కానీ రోజూ వచ్చిపడే వీడియోల వరదలో, అందులోనూ తెలుగులో, ఆ నియమాలు పట్టుకోలేనివి ఎన్నో ఉండిపోతున్నాయి. వరస పేర్చే లెక్క దగ్గరకొచ్చేసరికి దానికి కావలసింది ఈ పెద్దాయన ఎక్కడ ఆగుతాడన్నదే.

మీ మామయ్యగారి విషయంలో ఇలా జరిగి ఉండొచ్చు. ఒక రాత్రి అరికాళ్లు మంటలు పుట్టి 'షుగర్ తగ్గాలంటే' అని వెతికారు. వచ్చినదాన్ని పెద్దవాళ్లు చూసినట్టే, మధ్యలో తోసేయకుండా చివరిదాకా చూశారు. యూట్యూబ్‌కి అంతకంటే గట్టి సూచన ఇంకోటి అక్కర్లేదు. మర్నాడు తెరవగానే అలాంటివి మూడు. వాటిలో మెంతినీళ్ల గురించి చెప్పిన పెద్దమనిషిని వదిలేసి, మాత్రలు విషమని గట్టిగా అరిచినవాడి దగ్గర ఆగారు. భయం దగ్గర ఎవరైనా ఆగుతారు. ఇక ఆ అరిచేవాళ్లే బారులు తీరారు. చూస్తూ చూస్తూ పడక్కుర్చీలో కునుకు తీస్తే, తర్వాతి వీడియోను తనంతట తానే వేసే ఆటోప్లే ఆడుతూనే ఉంటుంది, అదీ చూసిన ఖాతాలోకే పోతుంది. జనం యూట్యూబ్‌లో గడిపే సమయంలో 70 శాతానికి పైగా ఇలా యూట్యూబే తానుగా ముందుకు తెచ్చిపెట్టిన వీడియోలదేనని 2018లో నీల్ మోహన్ చెప్పారు. అప్పుడాయన ఆ కంపెనీలో ప్రోడక్ట్ విభాగం అధిపతి, 2023 నుంచి సీఈఓ. అంటే మీ మామయ్యగారు వెతుక్కుని చూసేది తక్కువ, ఆయనకు వడ్డించేది ఎక్కువ.

దీనికి ఇప్పుడు ఏఐ తోడైంది. ఈమధ్య విజయవాడ సూర్యారావుపేటలో ఒక షుగర్ డాక్టరు దగ్గర వెయిటింగ్ హాల్లో కూర్చుని ఉంటే, పక్కనున్న పెద్దాయన ఫోన్లో ఇలాంటిదే ఒకటి నడుస్తోంది. ఆయనతో కలిసి చివరిదాకా చూశాను. తెల్లకోటు, మెళ్లో స్టెతస్కోపు, వెనకాల పుస్తకాల బీరువా. మొహం ఎక్కడో చూసినట్టే ఉంది. మాత్రలు, పొడి, బీపీ – ఈ మాటల్లో మొదటి అక్షరం పెదాలు రెండూ కలవకుండా ఎవరం పలకలేం. ఆ డాక్టరు పెదాలు కలవలేదు. ఎక్కడా ఊపిరి తీసుకోలేదు. 'కిడ్నీలు పాడైపోతాయి' అన్న మాటనూ 'గోరువెచ్చని నీళ్లలో కలపండి' అన్న మాటనూ ఒకే స్వరంలో అన్నాడు. స్టెతస్కోపు గొట్టం కాలరు దగ్గరికొచ్చి చొక్కా గుడ్డలో కలిసిపోయింది. కింద ఎర్ర అక్షరాల్లో 'ఈ వీడియో తీసేసేలోపు చూడండి' అని ఉంది. పక్కాయన చేతిలో తన టెస్టు రిపోర్టు ఉంది, కళ్లు ఫోన్లోనే ఉన్నాయి.

ఇలాంటి వీడియో చేయడానికి ఇప్పుడు డాక్టరు అక్కర్లేదు, స్టూడియో అక్కర్లేదు, తెలుగు చదవడం వచ్చిన మనిషి కూడా అక్కర్లేదు. ఒకటే స్క్రిప్టుని పది గొంతులతో, పది మొహాలతో, పది ఛానెళ్లలో పెట్టేయొచ్చు. మీ మామయ్యగారు లెక్కపెట్టిన ఇంతమంది డాక్టర్లలో ఎందరు ఒకే కాగితం చదివారో చూడండి. 2024 మార్చి నుంచి, అచ్చం నిజంలా కనిపించే కృత్రిమ వీడియోలు పెట్టేవాళ్లు ఆ సంగతి ప్రకటించి తీరాలని యూట్యూబ్ నియమం పెట్టింది. కానీ ప్రకటించవలసింది ప్రధానంగా పెట్టినవాళ్లే. ఇక పెదాలు చూసి పట్టుకోవడం నేర్పుదామంటారా, ఆ లోపాలు రోజురోజుకూ సరిదిద్దుకుంటున్నారు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. అడగవలసిన ప్రశ్నలు వేరు. ఈ డాక్టరు పేరేంటి? ఏ ఊళ్లో కూర్చుంటారు? మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరెంత? ఈ మూడూ లేని తెల్లకోటు మాట విని మందు మానేయకూడదు.

డబ్బు ఎక్కడ నుంచి వస్తోందో మామయ్యగారికి మీకంటే బాగా అర్థమవుతుంది, ఆయన అంతకాలం మిర్చి యార్డులో గడిపిన మనిషి. బేరం కుదిరి టిక్కీలు (మిర్చి బస్తాలు) లోడైతే కమీషన్ వ్యాపారికి కమీషన్ ముడుతుంది. కొన్నవాడు ఆ సరుకుతో బాగుపడ్డాడా, నష్టపోయాడా అన్నదాన్ని బట్టి అది మారదు. యూట్యూబ్ కూడా మామూలు వీడియోల మీద వచ్చే ప్రకటనల డబ్బులో 55 శాతం ఛానెల్‌కి ఇచ్చి 45 శాతం తను ఉంచుకుంటుంది. చూసిన మనిషికి షుగర్ తగ్గిందా పెరిగిందా అన్న గడి ఆ లెక్కలో ఎక్కడా లేదు. ఇదేదో చిన్నాచితకా బేరం కాదు. 2023లో గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్‌కి వచ్చిన దాదాపు 30,700 కోట్ల డాలర్లలో 23,800 కోట్ల వరకు ప్రకటనలవే. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటా సంగతైతే మరీను, సుమారు 13,500 కోట్ల డాలర్లలో 13,200 కోట్లు ప్రకటనలవి.

మరి షుగర్ పొడి ప్రకటన సరిగ్గా షుగర్ ఉన్న మనిషికే ఎలా దొరికిందని మీకు అనుమానం రావచ్చు. ఒకరి జబ్బును బట్టి ప్రకటనలు గురిపెట్టడాన్ని గూగుల్ నియమాలు ఒప్పుకోవు. మెటా కూడా 2022 మొదట్లో అలాంటి ఆరోగ్య సంబంధమైన ఎంపికలు తీసేసింది. అమ్మేవాడికి వాటి అవసరమే లేదు. తెలుగువాళ్లు, గుంటూరు చుట్టుపక్కల, అరవై దాటినవాళ్లు అని పెట్టి వదిలితే చాలు. ఎవరు ఆగి చూశారో, ఎవరు ఫోన్ నంబరు ఇచ్చారో గమనించి, అలాంటివాళ్లకే మళ్లీ మళ్లీ చూపించే పని ప్రకటనల యంత్రాంగమే చేసుకుంటుంది. జబ్బు పేరు ఎవరూ ఎక్కడా రాయరు. అయినా ప్రకటన జబ్బు ఉన్న ఇంటికే చేరుతుంది. నన్ను అడిగితే ఇది గురిపెట్టడం కంటే ప్రమాదం, ఎందుకంటే దీనికి జవాబు చెప్పవలసిన మనిషి కనిపించడు.

అత్తయ్యగారి మోకాలి బెల్టు గురించి అడిగారు. 2018లో అమెరికాలోని నార్త్ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించారు. దొంగచాటుగా మైకు ఆన్ చేసి మాటలు పంపించిన యాప్ ఒక్కటీ వాళ్లకు దొరకలేదు. కొన్ని యాప్‌లు మాత్రం మనిషికి తెలియకుండా స్క్రీన్‌ను రికార్డు చేసి పంపడం దొరికింది. మాటలు వినకుండానే తెలుసుకునే దారులు ఇంకా సులువు. మీ ఇంట్లో ఫోన్లన్నీ ఒకే వైఫై మీద నడుస్తుంటాయి. ఆవిడ నొప్పి అన్నాక మీరో, మీవారో మోకాళ్ల డాక్టరు కోసం వెతికే ఉంటారు. ఆవిడ వయసు ఫోనుకి తెలుసు. అంతకుముందు కూడా ఆ బెల్టు ప్రకటన ఎన్నోసార్లు వచ్చి ఉంటుంది, నొప్పి గురించి మాట్లాడుకున్నాక కంటికి ఆనింది. నిశ్చింతగా మాట్లాడుకోండి, కానీ టార్చిలైటు యాప్‌కి, కేలండర్ యాప్‌కి మైకు, లొకేషన్ అనుమతులు ఉంటే తీసేయండి.

యూట్యూబ్ తీసేయొద్దు. తీసేస్తే ఆయన్ని చిన్నపిల్లాణ్ని చేసినట్టవుతుంది. రెండో రోజే పక్కింటి కుర్రాడితో మళ్లీ వేయించుకుంటారు. ఈసారి మీకు కనబడకుండా చూస్తారు. దానికి బదులు ఒక సాయంత్రం, ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు, మీ ఫోనూ ఆయన ఫోనూ పక్కపక్కన పెట్టి రెండింట్లో యూట్యూబ్ తెరవండి. ఏమీ వెతక్కుండా, ముందుగా వచ్చిన పేజీ ఇద్దరూ చూడండి. మీ దాంట్లో పిల్లల స్కూలు ప్రాజెక్టులూ, బ్లౌజు డిజైన్లూ ఉండొచ్చు. ఆయన దాంట్లో షుగరే షుగర్. "నాకు ఒక్క డాక్టరూ చెప్పడం లేదేంటి మామయ్యా?" అని అడిగి ఊరుకోండి. మీరేమీ వివరించక్కర్లేదు. ఇంతమంది అన్న లెక్క తన ఒక్కడి ఫోన్లోదేనని కళ్లతో చూస్తే, మిగతాది ఆలోచించుకునే శక్తి ఆయనకుంది. ఆయన ఒప్పుకున్నాకే ఫోను చేతిలోకి తీసుకోండి.

అప్పుడు చేయవలసిన పనులున్నాయి. ముందు ఆ ఫోన్లో ఎవరి జీమెయిల్ ఉందో చూడండి. చాలా ఇళ్లలో కొడుకు వాడి ఇచ్చిన ఫోన్లో కొడుకు ఖాతానే ఉండిపోతుంది, హాల్లో టీవీకీ అదే, అందరివీ కలగాపులగం అవుతాయి. ఆయనకు సొంత ఖాతా పెట్టండి. తర్వాత యూట్యూబ్ హిస్టరీలోకి వెళ్లి ఆ షుగర్ వీడియోలను ఒక్కొక్కటే తీసేయండి. ఓపిక లేకపోతే హిస్టరీ మొత్తం చెరిపేయండి, పోయేదేమీ లేదు. ఆటోప్లే ఆపండి. మళ్లీ అలాంటిది కనబడితే పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, ఈ ఛానెల్ సిఫార్సు చేయవద్దు అన్నది ఎంచుకోండి. ఆసక్తి లేదు అన్న బటన్‌ని నమ్ముకోకండి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసే మొజిల్లా సంస్థ 2022లో 20 వేలమందికి పైగా వాడకందారుల సాయంతో చూస్తే, అది వద్దనుకున్న సిఫార్సుల్లో 11 శాతాన్నే ఆపింది. ఛానెల్ వద్దన్నది 43 శాతం, హిస్టరీలోంచి తీసేయడం 29 శాతం ఆపాయి. అంటే ఏ బటనూ పూర్తిగా పనిచేయదు. వారానికోసారి కూర్చుని చూడాల్సిందే. ప్రకటనల కోసం గూగుల్ ఖాతాలో మై యాడ్ సెంటర్ అని ఉంటుంది, అక్కడ పర్సనలైజేషన్, అంటే మనిషిని బట్టి ప్రకటనలు చూపించడం, ఆపేయండి. ప్రకటనలు ఆగవు, ఆయన వెంటపడటం తగ్గుతుంది.

ఖాళీ చేసిన చోట ఏదో ఒకటి నింపాలి, లేదంటే పాతవే తిరిగొస్తాయి. ఆయనకు ఇష్టమైనవి మీరే వెతికి పెట్టండి: మిర్చి ధరలు, పద్యనాటకాలు, హరికథలు, పొలం పనులు, ఏవైతే అవి. ఒక పది చివరిదాకా చూస్తే పేజీ రూపు మారడం మొదలవుతుంది. ఇంకో మాట. పొద్దున లేస్తే వందమందితో కేకలేసుకుంటూ గడిపిన మనిషి ఇప్పుడు కుర్చీకి అతుక్కుపోయారు. ఆ తెల్లకోటువాడు రోజూ ఆయనతో 'మీ కాళ్లు మంటలు పుడుతున్నాయా?' అని అడుగుతున్నాడు. ఇంట్లో ఆ మాట ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందో మీరూ అత్తయ్యగారూ ఆలోచించండి. పొద్దున్నే స్టేడియం వైపు నడకకు పంపించగలిగితే షుగర్‌కీ మంచిదే, యార్డు పాతకాపులు ఒకరిద్దరు తగిలినా తగులుతారు.

చివరిగా ఆ పొడి అమ్మినవాళ్ల సంగతి. షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే మన దేశంలో నేరం. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం షెడ్యూల్లో డయాబెటిస్ పేరు స్పష్టంగా ఉంది, మొదటిసారి నేరం రుజువైతే ఆరు నెలల దాకా జైలుశిక్ష పడొచ్చు. డబ్బా మీది పేరు, బ్యాచ్ నంబరు, తయారీదారు చిరునామా, డబ్బు కట్టిన రసీదు, ఆ ప్రకటన స్క్రీన్‌షాట్ దాచిపెట్టి గుంటూరులోని ఔషధ నియంత్రణ అధికారులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా చెప్పండి. మామయ్యగారు ఆ ప్రకటన కింద తన నంబరు ఇచ్చి ఉంటారు కాబట్టి ఇకమీదట రెండో కోర్సు, మూడో కోర్సు అంటూ ఫోన్లు వస్తాయి. డాక్టరునంటారు, డైటీషియన్నంటారు. ఆ నంబర్లు బ్లాక్ చేయండి. ఆర్డరు ఇవ్వకుండా పార్సిల్ వస్తే తీసుకోకుండా తిప్పి పంపమని అత్తయ్యగారికి చెప్పండి. డబ్బు వెనక్కి ఇస్తామని ఓటీపీ అడిగితే ఇవ్వకూడదు. అప్పటికే ఇచ్చేసి ఖాతాలో డబ్బు పోయుంటే క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చెబితే ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ.